కిలోమీటరుకి జానెడు వాలు

చెన్నైలో అక్టోబరు వాన మొదలవగానే టీ నగర్‌లోనో, వడపళనిలోనో, వేళచ్చేరిలోనో మన డెల్టా పెద్దవాళ్లున్న ఇంట్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "నీరు ఎటు పోతోందో చూడరా." వాన ఎంత పడిందని అడగరు, ఎప్పుడు తగ్గుతుందని అడగరు. వీధిలో నీరు ఎటు నడుస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఏ వైపు పల్లం అన్నదే వాళ్ల ధ్యాస. గోదావరి, కృష్ణా ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్ల కంట్లో ఒక మట్టపు బద్ద ఉంటుంది. ఆ చూపు ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి డెల్టా అంటే సెలవులకి వెళ్లే పచ్చని చోటు, కొబ్బరిచెట్లు, అంతే. ఆ పచ్చదనం కింద ఎంత లెక్క ఉండేదో గుర్తున్నంత వరకు రాసిపెట్టాలనిపించింది.

లెక్క వాలుతో మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ వెనక నిలిచే నీటిమట్టం సముద్రానికి 13.67 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి అంతర్వేది దగ్గర సముద్రానికి తిన్నగా గీత గీస్తే 70 కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంటే కిలోమీటరుకి ఒక జానెడు వాలు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే నది పాపికొండల మధ్య ఇరుకున ఒదిగి, రాజమండ్రి దగ్గరికి వచ్చేసరికి దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని, ఆ తర్వాత ఈ జానెడు వాలు మీద గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా చీలిపోతుంది. రైల్లోంచి చూసేవాడికి ఆ నేలంతా అరచేతిలా చదునే. అక్కడ బతికేవాడికి మాత్రం జానెడు ఎత్తుకీ జానెడు పల్లానికీ మధ్య ఒక పంట తేడా ఉండేది.

బయటివాళ్లు చప్పున నమ్మని సంగతి ఒకటుంది. డెల్టాలో అన్నిటికంటే మెరకగా ఉండేది ఏటి ఒడ్డే. ఊరు ఏటికి దూరంగా ఉంటే వరద భయం తక్కువనుకుంటాం, కాని ఒడ్డు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ నేల దిగిపోతుంది. కారణం తేలికే. వరద పొంగి గట్టు దాటగానే దాని వడి తగ్గుతుంది. వడి తగ్గగానే బరువైన ఇసుక ఒడ్డు పక్కనే పడిపోతుంది. సన్నని బురద మాత్రం నీటితో చాలా దూరం వెళ్లి, నీరు నిలిచిన పల్లంలో పేరుకుంటుంది. వేల ఏళ్లు ఇలా జరిగితే రెండు పాయల ఒడ్లూ లేచి, మధ్య నేల తాంబాళంలా లోతవుతుంది. అందుకే ఒడ్డు పక్కన ఇసుక కలిసిన తేలికపాటి ఒండ్రులో అరటి, కంద, కూరగాయలు, కొబ్బరి. లంకల్లో చుట్టలకి పేరుపడ్డ లంక పొగాకు. తాంబాళం మధ్యకి దిగితే కాలు పెడితే ఊడిరాని బంకమట్టి, అక్కడ వరి తప్ప మరోటి నిలవదు. ఇంకా కిందికి, సముద్రం వైపు, ఉప్పు పర్రలు, ఇసుక దిబ్బలు, సరుగుడు, జీడిమామిడి, కోరింగ వైపు మడ అడవులు.

ఆ ఇసుక దిబ్బల సంగతి వేరే చెప్పాలి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్లు. డెల్టా ముందుకు పెరిగినకొద్దీ వెనకబడిపోయిన తీరాలు. తీరం ఊళ్లు చాలా వరకు ఆ దిబ్బల మీదే ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, ఎందుకంటే తాగే నీరు అక్కడే దొరుకుతుంది. దిబ్బలో ఇంకిన వాన నీరు, కింద ఉన్న ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పొరలా తేలుతుంది. చేతికందే లోతులో చెలమ తవ్వితే కొబ్బరినీళ్లలాంటి నీరు. ఇంకా కావాలని లోతు చేసినా, మోటారు పెట్టి గబగబా తోడినా కింద నుంచి ఉప్పు పైకి వచ్చేస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది. అందుకే దిబ్బ ఊళ్లలో బావులు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేవి.

ఊరి పేరు వింటే నేల తెలిసేది. బొబ్బర్లంక, ఎదుర్లంక, కనకాయలంక అంటే ఏటి మధ్య నేల. పర్రు అంటే పల్లపు చిత్తడి. కొలను అంటే అడిగే పనే లేదు. కోడు అంటే నీరు దిగిపోయే దారి. శివకోడు వాళ్లకి కోడు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

పంటకాలువలు ఈ మెరక పల్లాలని చూసే తవ్వారు. కాలువ ఎప్పుడూ మెరక వెంట నడవాలి, అప్పుడే దాని నీరు రెండు పక్కలా చేలలోకి దానంతట అది దిగుతుంది. మురుగు కాలువ ఎప్పుడూ పల్లం వెంట నడవాలి, అప్పుడే చేలల్లో మిగిలిన నీరు దానిలోకి జారుతుంది. ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకుపోయేది. పటంలో చూస్తే రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి జొనిపినట్టు ఉంటాయి. వాటిని ఎక్కడ దాటించాలో అక్కడ కాలువ పైనుంచి, మురుగు కిందనుంచి. ఏకంగా నదిని దాటించాల్సి వచ్చిన చోట గన్నవరం అక్విడెక్టు కట్టారు. కమానుల మీద కాలువ వైనతేయ పాయని దాటి నగరం లంకకి నీరు తీసుకెళ్లేది. అన్నదాత డొక్కా సీతమ్మగారి ఊరు ఆ గన్నవరమే. ఇప్పుడున్న కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు.

ఈ పనికి పునాది ఆలోచన చెన్నై దక్షిణాన కావేరి దగ్గర పుట్టింది. ఆర్థర్ కాటన్ గోదావరికి రాకముందు కావేరి, దాని పాయ కొళ్లిడం మీద పనిచేశాడు. లోతు తెలియని కదిలే ఇసుక మీద కూడా కట్టడం నిలుస్తుందని ఆయన నేర్చుకున్నది చోళుల నాటి కల్లణై చూసి. 1836లో కొళ్లిడం మీద ఆనకట్టలు పూర్తయ్యాయి. గోదావరి పని 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి అయింది. అప్పటికి రెండు దశాబ్దాల ముందే గుంటూరు సీమలో నందన కరువు ఊళ్లకి ఊళ్లని తుడిచిపెట్టింది. నది పక్కన పారుతుండగా జనం ఆకలితో పోయిన ఆ చోట నీరు మలపడానికి మద్రాసు ప్రభుత్వాన్ని ఒప్పించడం ఆయనకి సులువు కాలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్య లంకలని ఆసరా చేసుకుని కట్టారు. ఇప్పటి బ్యారేజీ 1970లలో మొదలై 1982కి పూర్తయింది. 175 గేట్లు, అందులో ఒక్క ధవళేశ్వరం ముక్కలోనే 70. వీణెం వీరన్న లేకుండా ఆనకట్ట కథ చెప్పకూడదు. కూలీలని కూడగట్టి పని నడిపించిన మనిషి ఆయన.

ఏడాది ఎలా తిరిగేదంటే, వేసవిలో కాలువలు కట్టేసేవారు. దాళ్వా, అంటే రెండో పంట, కోత అవగానే, ఏప్రిల్ మధ్యలో. కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. చెరువు నిండే ఆ నాలుగు రోజులూ గొడ్లని కాలువలోకి దించకుండా, బట్టలు ఉతకకుండా కాపలా. నింపడం ఆలస్యమై కాలువ చివరి శివారు ఊళ్ల చెరువులు సగమే నిండితే మే నెలలో బిందెకి బిందె లెక్క. కాలువ ఎండగానే పూడిక తీత. పూడిక తీసేటప్పుడు గట్టు లోపలి వాలు నిలువుగా చెక్కితే వానాకాలంలో జారిపోతుందని ముసలి లస్కర్లు (కాలువ కాపలాదార్లు) అరిచేవాళ్లు. అడుగున ఎత్తిన మట్టి గట్టు అంచున పోస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి. దూరంగా, గట్టు బయటి వాలు మీద పోయాలి. చెప్పడానికి చిన్న మాట, దీన్ని పాటించని చోట ప్రతి ఏడూ అదే మట్టికి మళ్లీ మళ్లీ కూలి ఇచ్చేవారు.

జూన్ మొదట్లో కాలువలు వదిలేవారు. ఎండిన కాలువలో మొదటి నీరు పాముల్లా నాలుకలు చాస్తూ, ఆకులూ చెత్తా ముందుకు తోసుకుంటూ వచ్చేది. పిల్లలు దాని పక్కనే గట్టు మీద నడిచేవాళ్లు, అంత నెమ్మది. జూలైలో ఎగువ వానలకి ఎర్రనీరు దిగేది. ఆ ఎర్రనీటికి ఎదురీదుకుంటూ సముద్రం నుంచి పులస చేప ఎక్కేది. ధవళేశ్వరం గేట్ల దగ్గర దాని ప్రయాణం ఆగిపోయేది.

ఎకరం వరి ఊడ్చడానికి (నాటడానికి) అయిదు సెంట్ల ఆకుమడి, పాతిక కిలోల దాకా విత్తనం. ఆకు పాతిక, ముప్పై రోజులకి తీయాలి. ముదిరితే పిలకలు తగ్గుతాయి. ఇక దమ్ము, అంటే నీరు పెట్టి మడిని బురదగా దున్నడం. ఇక్కడే నీటి లెక్క బిగుసుకుంటుంది. ఒక క్యూసెక్కు (సెకనుకి ఒక ఘనపుటడుగు) నీరు ఒక పగలూ రాత్రీ పారితే 24 ఎకరాల మీద ఒక అంగుళం నిలుస్తుంది. దమ్ముకి ఏడెనిమిది అంగుళాలు కావాలి. అంటే ఆ క్యూసెక్కు రోజుకి మూడెకరాలకే సరి. ఊరంతా ఒకే వారం దమ్ముకి దిగితే ఏ కాలువా సరిపోదు. తూము దగ్గరి పొలం వాడు బోదె (చేలోకి వెళ్లే చిన్న కాలువ) తెరిచి వదిలేస్తే శివారు వాడికి చుక్క దిగదు. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని బోదె వెంట కాపలా తిరగడం, గండి కొట్టినవాడితో తగాదా, తెల్లారి లస్కరు మధ్యవర్తిత్వం, ఇవి ప్రతి ఊరి జ్ఞాపకాలే. శివారు వాడికి మూడు వారాలు ఆలస్యమైతే నష్టం అక్కడితో ఆగేది కాదు. మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దాదాపు 150 రోజుల పంట. జూన్ మధ్యలో ఆకు పోస్తే నవంబరు మధ్యకి కోతకొస్తుంది. ఆలస్యమైన చేను పాలు పోసుకునే వేళకో, కోసి పనలు చేలో ఉన్నప్పుడో తుపాను వస్తుంది. పడిపోయిన కంకులు నీళ్లలో నాని అక్కడే మొలకెత్తేవి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లితే మొలక ఆగుతుంది. ఈ ఉప్పు చిట్కా ఎంతోమంది పంటని కాపాడింది. దాళ్వాకి తక్కువ రోజుల రకం కావాలి, 120 రోజుల ఎంటీయూ 1010 అందుకు సరిపోయింది. దానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టడం మారుటేరు వాళ్లు చేసిన మంచి పని. చెన్నై బియ్యం కొట్లో అడిగే సాంబ మసూరి బాపట్లది, బీపీటీ 5204, 1986 నాటిది.

వరద రోజుల్లో ఊరంతా రేడియో చుట్టూ. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ ఎంత లేచిందో విని, మన దగ్గరికి ఎప్పుడు వస్తుందో వేళ్ల మీద లెక్క వేసేవారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దాటిన వరద 35 లక్షల క్యూసెక్కులు, భద్రాచలంలో 75.6 అడుగులు. ఆ ఏడు గట్లు తెగిన ఊళ్లలో ఇప్పటికీ గోడల మీద నీటి గీత చూపించే ఇళ్లున్నాయి.

గట్టు పైనుంచి నీరు పొర్లి తెగడం చాలామందికి తెలుసు. గట్టు లోపలినుంచి కూడా తెగుతుంది. పీతలు, ఎలుకలు, పందికొక్కులు చేసిన బొరియలోంచి, కుళ్లిన చెట్టు వేరు వదిలిన ఖాళీలోంచి నీరు దారి చేసుకుంటుంది. అందుకే గట్టు మీద పెద్ద చెట్లు పెరగనివ్వరు. వరద రాత్రి కాపలా వాళ్లు గట్టు మీద నిలబడి ఏటిని చూస్తూ ఉండేవాళ్లు కారు, ఊరి వైపు గట్టు కాళ్ల దగ్గర లాంతరుతో వంగి నడిచేవాళ్లు. అక్కడ ఊట కనిపిస్తే దోసిట్లో పట్టి చూసేవారు. తేట నీరైతే ఫరవాలేదు, గుర్తు పెట్టి మళ్లీ వచ్చి చూడాలి. బురద నీరైతే గట్టు లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట, అది బుంగ. కంగారులో చేసే తప్పు ఆ బుంగ నోట్లో బస్తాలు కుక్కడం. అక్కడ మూస్తే నీరు పక్కనుంచి పొడుచుకుని వస్తుంది, గట్టు ఇంకా మెత్తబడుతుంది. బుంగ చుట్టూ బస్తాలతో బావి ఒరలా కట్టుకుంటూ పోవాలి. లోపల నీరు లేచినకొద్దీ ఏటి నీటి తోపుడు తగ్గి, ఊట తేటపడుతుంది. తేటపడగానే ఆపాలి, పొంగిన నీటికి దారి వదలాలి. ఇసుక బస్తా నిండా నింపకూడదు, మూడింట రెండు వంతులే. నిండు బస్తా గుండ్రంగా దొర్లుతుంది, వెలితి బస్తా పక్కదానితో అతుక్కుని పడుకుంటుంది. ఇవన్నీ పుస్తకంలో చదివినవాళ్లు చెప్పినవి కావు. ఊరి పెద్దలు తమ తాతల దగ్గర నేర్చుకున్నవి. ఈ విద్య తెలిసినవాళ్లని గట్టు కాపలాకి పిలవడం మానేయడం పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం.

నీరు రావడం గురించి ఇంత మాట్లాడుకున్నాం. డెల్టాని ముంచేది ఎక్కువగా నీరు పోకపోవడం. మురుగు కాలువలో గుర్రపుడెక్క, తూడు, కిక్కిస పెరిగితే నీరు నడవదు. మొగ, అంటే సముద్రంలో కలిసే చోటు, దగ్గర ఇసుక మేట వేస్తే దిగదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. అప్పుడు సముద్రమే నీటిని వెనక్కి తోస్తుంది. పోటు తీసి పాటు వచ్చిన కొద్ది గంటల్లోనే మురుగు దిగాలి. మొగలో తలుపులున్న చోట పోటు రాకముందే దించి, పాటు మొదలవగానే ఎత్తాలి. ఒక్క పోటు మరిచిపోతే ఉప్పునీరు పైకెక్కి ఆ ఏడు ఆకుమళ్లు ఎర్రబడేవి. రెండు డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చేదంతా అందులో దిగి, ఉప్పుటేరు ఒక్కదాని మీదుగా సముద్రానికి పోవాలి. ఆ పెద్ద గిన్నెలో చేపల చెరువుల గట్లు లేస్తే గిన్నె చిన్నదవుతుంది, దారి మూసుకుపోతుంది. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువు గట్లు చాలావాటిని కొట్టేశారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, బెజవాడ సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ దానిలోకి దిగలేదు. ఇది పాత ఊళ్లవాళ్లందరికీ తెలిసిన సూత్రమే, కొత్త కాలనీలు కట్టేవాళ్లకి పట్టలేదు.

ఇల్లు కట్టాలంటే ముందు గుంట తవ్వేవారు. ఆ మట్టితో స్థలం మెరక చేసి, ఒక వానాకాలం అణగనిచ్చి, తర్వాతే పునాది. అందుకే పాత ఇళ్ల పెరట్లో చెరువు, చెరువు గట్టున అరటి, కొబ్బరి. అరుగు ఎత్తు ఆ ఊరికి తెలిసిన పెద్ద వరద గీత కంటే మెట్టు పైన. ధాన్యం గాదె నేల మీద ఉండదు, రాళ్ల మీద లేపి కట్టేవారు. ఇంత తెలివీ ఊరి మెరక మీద ఇల్లున్నవాళ్లకి సాగింది. కూలివాళ్ల పేటలు, దళితవాడలు ఎక్కువ చోట్ల మురుగు పక్క పల్లంలోనే ఉండేవి. నీరు ముందు చేరేదీ, చివరికి వదిలేదీ వాళ్ల గుడిసెలనే. ఊడ్పులూ కోతలూ ఆ చేతుల మీదే నడిచిన చోట ఇలా ఉండటం ఆ పచ్చదనంలో మాయని మచ్చ. డెల్టా జ్ఞాపకాలు రాసేవాళ్లు దీన్ని వదిలేయకూడదు.

1977 నవంబరు 19 దివిసీమలో ఉప్పెన. కృష్ణ పాయల మధ్య పల్లపు నేల, అవతల సముద్రం. పది వేలకి పైగా జనం పోయారు. ఆ తర్వాతే తీరమంతా స్తంభాల మీద తుపాను షెల్టర్లు లేచాయి. 1996 నవంబరు 6 కోనసీమ తుపానులో కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. కొబ్బరి మొక్క పెట్టి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. తోట పోయిన ఇల్లు ఆ ఆరేడేళ్లూ ఏం తినాలి? చెన్నైకీ హైదరాబాదుకీ వలస వచ్చిన కొన్ని కుటుంబాల కథ అక్కడే మొదలైంది.

అంతకుముందు చెన్నైకి నీటి దారే ఉండేది. గోదావరి నుంచి కృష్ణకి 139 కిలోమీటర్ల ఏలూరు కాలువ, కృష్ణ దాటి దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి చెన్నై నడిబొడ్డు దాకా 316 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ. సముద్రానికి సమాంతరంగా, పులికాట్ మీదుగా. సరుకు పడవలు బియ్యం, వంటచెరకు, ఉప్పు మోసేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీది నుంచి మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. లాకు దాటించడం చూడముచ్చటగా ఉండేది. ఎగువకి వెళ్లే పడవ కింది తలుపుల్లోంచి లాకు గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. పై తలుపుల్లోని చిన్న షట్టరు కొంచెం ఎత్తితే ఎగువ నీరు గదిలోకి దూకుతుంది, పడవ మెల్లగా లేస్తుంది. లోపలా బయటా మట్టం సరిపోయేదాకా పై తలుపులు తెరుచుకోవు, పదిమంది తోసినా. సరిపోగానే ఇద్దరు తోస్తే చాలు. షట్టరు ఒక్కసారిగా ఎత్తితే పడవ గోడకి కొట్టుకుంటుంది, తాడు పట్టుకున్నవాడి చేయి తెగుతుంది. చెన్నైలో కూవం, అడయారు మధ్య ముక్క 1876–78 ధాత కరువులో కూలిపనిగా తవ్వించినది. అప్పటి గవర్నరు పేరే కాలువకి పెట్టారు. ఇప్పుడు మైలాపూరు నుంచి తిరువాన్మియూరు దాకా ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు దిగింది ఆ కాలువలోనే. రైల్లో వెళ్తూ కిందికి చూస్తే కనిపించే నల్లని నీటి మీద ఒకప్పుడు మన వైపు పడవలు నడిచాయి.

ఎగువన ఆనకట్టలు ఎక్కువైనకొద్దీ ఎర్రనీరు పలచబడింది. జలాశయాల్లో ఆగిపోయిన ఒండ్రు డెల్టాకి రాదు. ఒండ్రు రాకపోతే సముద్రం కోసిన చోట మళ్లీ పూడేది లేదు. అంతర్వేది వైపు ఒడ్డు వెనక్కి జరుగుతోంది. దీనికి తలకిందులు బీహార్ కోసి. హిమాలయాల ఇసుకని మోసుకొచ్చి తన దారినే తను పూడ్చుకుని, రెండు రెండున్నర శతాబ్దాల్లో వంద కిలోమీటర్లకి పైగా పక్కకి జరిగింది. గట్లు కట్టి బిగిస్తే అడుగు లేచి, 2008 ఆగస్టులో తెగింది. ఒండ్రు ఎక్కువైనా నదికి ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే.

ఇక చెన్నై. టీ నగర్‌లో మనవాళ్లు చాలామందే, కాని ఆ నేల ఒక చెరువు అడుగని తెలిసినవాళ్లు తక్కువ. మాంబళం, నుంగంబాక్కం మీదుగా సాగిన పొడవాటి చెరువుని ఎండగట్టి 1920లలో ఆ పేట వేశారు. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, పానగల్ రాజా పేరు, రెండూ మన తెలుగువాళ్లవే అక్కడ నిలిచాయి. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది, చెరువు లేదు. ఇక్కడా ఊరి పేర్లు నేల చెబుతాయి. మేడు అంటే మెరక, పళ్లం అంటే మన పల్లమే, తాంగల్ అంటే చిన్న చెరువు, ఏరి అంటే పెద్ద చెరువు. కూవం, అడయారు మొగలు ఇసుకతో పూడుకోవడం మన మొగల కథే. పోటు వేళ భారీ వాన పడితే వేళచ్చేరి, పళ్లికరణై పల్లాల్లో నీరు దిగడానికి దారుండదు. 2015 డిసెంబరులో, 2023 మిచాంగ్ తుపానులో ఆ పల్లాలు మునిగాయి. ఇల్లు చూసేటప్పుడు డెల్టా పెద్దవాళ్లు చేసే పరీక్ష ఇది: గోడ మీద పెచ్చులు ఏ ఎత్తు దాకా ఊడాయి, రోడ్డు నడుమ కంటే గడప ఎంత పైన ఉంది, పాత సర్వే నంబరులో ఏరి పోరంబోకు అన్న మాట ఉందా. పాత తారు చెక్కకుండా దాని మీదే కొత్త తారు పోసే వీధిలో గడప ఏటేటా కిందికి దిగినట్టే.

మన కృష్ణ నీరు ఈ ఊరి కుళాయిల్లోకి వచ్చి మూడు దశాబ్దాలవుతోంది. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఇచ్చేలా ఒప్పందమై, దారి నష్టాలు 3 పోను 12 టీఎంసీలు చెన్నైకి. శ్రీశైలం, వెలుగోడు, సోమశిల, కండలేరు, అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువ, ఊత్తుకోట దగ్గర సరిహద్దు, పూండి చెరువు. మొదటిసారి 1996లో అందింది.

వానాకాలంలో కుళాయిలోనో ట్యాంకరులోనో నీరు ఎర్రగా వచ్చినప్పుడు, డెల్టా ఇళ్లలో కొత్త నీటికి చేసినట్టే ఇక్కడా చేసుకోవచ్చు. చిల్లగింజ కావాలి. మైలాపూరు నాటుమందు కొట్లో తేట్రాంకొట్టై అంటే ఇస్తారు. గరుకు రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, గింజని గంధంలా అరగదీయాలి. బిందెడు నీటికి చిటికెడు ముద్ద చాలు, ఎక్కువైతే నీరు జిగటగా వగరుగా ఉంటుంది. చేత్తో నాలుగు చుట్లు తిప్పి కలిపి, కదపకుండా రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి బురద అడుగున పొరకడుతుంది. పైనీరు చెంబుతో ముంచుకోవాలి, బిందె వంచకూడదు, వంచితే అడుగు లేస్తుంది. గింజ బురదనే దింపుతుంది, రోగాన్ని కాదు. అందుకని ఆ నీటిని గుడ్డలో వడకట్టి, తెర్లనిచ్చి, అప్పుడే తాగాలి. అడుగున మిగిలిన ఒండ్రు పారబోయకుండా తులసికోటలో పోసేవారు.